తుంగభద్రకు మనం బాకీపడిన సేవ

ఎగువన ఎవరో జాగ్రత్తగా ఉంటేనే ఆదోని, ఎమ్మిగనూరు కుళాయిల్లోకి మంచినీళ్లు వస్తాయి. మరి మన దిగువన ఉన్నవాళ్ల సంగతి? నది ఒడ్డున చెత్త ఏరడానికి ఊరూరా జనం కదలాల్సిన వేళ ఇది.

మంత్రాలయం వచ్చిన భక్తుడు ముందు తుంగభద్రలో మునుగుతాడు. తర్వాత గ్రామదేవత మంచాలమ్మను దర్శించుకుని రాఘవేంద్రస్వామి బృందావనానికి వెళతాడు. స్వామివారు 1671లో బృందావన ప్రవేశం చేసినప్పటి నుంచీ ఈ ఒడ్డుకు జనం వస్తూనే ఉన్నారు. శ్రావణమాసంలో ఆరాధనోత్సవాలకైతే కర్ణాటక, తెలంగాణ, తమిళనాడు, మహారాష్ట్రల నుంచి కూడా తరలివస్తారు. ఆ రద్దీ తగ్గాక స్నానాల రేవులో మిగిలేవి తడిబట్టలు, షాంపూ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, నీళ్ల సీసాలు, దీపాలు వెలిగించిన ప్లాస్టిక్ దొన్నెలు.

అన్నిటికన్నా మొండివి బట్టలే. స్నానం చేసి కట్టుబట్టలు నదిలో వదిలేస్తే దోషం పోతుందని కొందరి నమ్మకం. అలా వదిలిన చీర రాళ్ల సందున చిక్కుకుంటుంది, దాని మీద ఇసుక మేట వేస్తుంది. లాగితే చివర చినిగి చేతికొస్తుందే తప్ప మొత్తం బయటికి రాదు. పారతో చుట్టూ ఇసుక తీసి, ఇద్దరు పట్టుకుని మెల్లగా లాగాలి. తడిసి ఇసుక పట్టిన పాలిస్టర్ చీర బరువు అంతా ఇంతా కాదు. అది నీళ్లలో కుళ్లి కలిసిపోయే నూలు కూడా కాదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి వేల మగ్గాలకు దారి చూపిన ఎమ్మిగనూరు ప్రాంతమిది. బట్ట విలువ ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎగువ మనమే, దిగువా మనమే

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశవ్యాప్తంగా 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. మంత్రాలయం నుంచి బావాపురం వరకు తుంగభద్ర ఆ జాబితాలో ఉంది. స్నానానికి పనికొచ్చే నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బీఓడీ, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మురుగు, కుళ్లే వ్యర్థాలు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది, నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. కలుషితమని తేలిన ఆ నీళ్లలోనే మనం పుణ్యస్నానం చేస్తున్నాం.

ఆదోని, ఎమ్మిగనూరులకు హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి దిగువ కాలువ, మనందరం ఎల్లెల్సీ అని పిలుచుకునే కాలువ, నీళ్లు తెస్తుంది. బళ్లారి జిల్లా దాటుకుని అది మన దాకా వస్తుంది. దారిలో ఎవరు ఏం పారేసినా అది మన మంచినీటి చెరువుకే ముప్పు. మంత్రాలయం రేవులో మనం వదిలినవి సుంకేసుల వైపు పోతాయి. కర్నూలు తాగేది ఆ నీళ్లే, కేసీ కాలువ కింద పొలాలు పండేదీ వాటితోనే. పై ఊళ్లవాళ్లు శుభ్రంగా ఉండాలని కోరే హక్కు మనకుంది. కింది ఊళ్ల పట్ల మనమూ అంతే శుభ్రంగా ఉన్నప్పుడే ఆ హక్కు నిలబడుతుంది.

సేవ నదిని మార్చింది

పంజాబ్‌లో కాలీ బేయీ అనే 160 కిలోమీటర్ల ఏరు ఉంది. గురునానక్‌కు జ్ఞానోదయమైంది దాని ఒడ్డునే. ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో అది పూడిపోయింది. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ అందులోకి దిగారు. చుట్టుపక్కల గ్రామాల వాళ్లు కరసేవగా పారలు, గంపలు పట్టారు. గుర్రపుడెక్క తీసి, పూడిక తోడి, గట్లు వేశారు. అంతటితో ఆగకుండా గ్రామాల మురుగు ఏటిలో కలవకుండా మళ్లించి, శుద్ధి చేసి పొలాలకు పారించారు. ఏరు మళ్లీ పారింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మన తుంగభద్ర కోసమూ అడుగులు పడ్డాయి. 2024 నవంబరులో కర్ణాటకలో ‘నిర్మల తుంగభద్ర’ పేరుతో శృంగేరి నుంచి పాదయాత్ర మొదలైంది. నది మాత్రం కర్ణాటకతో ఆగదు కదా! ఆ నడక స్ఫూర్తి మన గట్టునా కనిపించాలి.

పని ఇలా

ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఇసుక తేలినప్పుడు చెత్త ఏరడం తేలిక. తొలి వరద వచ్చిందంటే ఒడ్డున ఉన్నదంతా దిగువకు కొట్టుకుపోతుంది. చేతులకు మందపాటి తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి, ఇసుకలో మద్యం సీసాల పెంకులుంటాయి. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు కాబట్టి పిల్లలను నీళ్లలోకి దించవద్దు. బట్టలు, ప్లాస్టిక్, గాజు వేర్వేరు గోనె సంచుల్లో నింపాలి. ఒడ్డునే తగలబెడితే చెత్త పొగై మన ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. పంచాయతీకి ముందే చెప్పి, ట్రాక్టరు రప్పించి, సంచులను చెత్త నుంచి సంపద కేంద్రానికి పంపాలి.

జనం చేయగలిగింది ఇంతవరకే. మురుగు కాలువలు నదిలో కలవకుండా ఆపడం, నీటిని శుద్ధి చేయడం, రేవుల దగ్గర బట్టలు వేయడానికి తొట్లు పెట్టి రోజూ ఖాళీ చేయించడం పాలకుల పని. పారలు పట్టిన జనానికి ఆ పని అడిగే బలమూ వస్తుంది.

రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ ఒక్క పూట ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలలు, యువజన సంఘాలు, భజన మండళ్లు తలా ఒక రేవునో, కాలువ గట్టునో దత్తత తీసుకోవాలి. మీరు మంత్రాలయం వెళ్లినప్పుడు మాత్రం కట్టిన బట్టలు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. పక్కవాళ్లు నీళ్లలో వదలబోతుంటే వద్దని చెప్పండి.