ఒక్క బంతి, 240 నిమిషాలు

జూన్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్ ముగియగానే అమెరికా బాస్కెట్‌బాల్‌లో మరో ఋతువు మొదలవుతుంది. 30 జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయి, ఒప్పందం ముగిసినవాళ్ల కోసం పోటీ పడతాయి. అక్టోబరులో తొలి మ్యాచ్ ఆడకముందే రాబోయే ఏడు ఎవరిదన్న జాబితాలు సిద్ధమైపోతాయి. ఐపీఎల్ వేలం ముగిసిన రాత్రే కప్పు ఎవరిదో తేల్చేసే మనకు ఈ సందడి కొత్త కాదు. ఈ జాబితాల్లో చాలావాటికి ఆధారం ఒకటే లెక్క: ఎవరి దగ్గర పెద్ద పేర్లు ఎక్కువున్నాయి అన్నది. ఆ లెక్క పదే పదే ఎందుకు తప్పుతుందో చూస్తే, వచ్చిన పేరు కన్నా, ఆ పేరు కోసం వదులుకున్నవాళ్లూ జట్టులో మిగిలినవాళ్లూ ఎక్కువ చెబుతారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

క్రికెట్‌లో ఒక మంచి బౌలర్‌ను కొంటే అతని నాలుగు ఓవర్లు అతనివే. అవతలి ఎండ్‌లో మరో గొప్ప బౌలర్ ఉన్నాడని ఇతని యార్కర్ పదును తగ్గదు. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురికీ కలిపి ఒక్క బంతి. ఒకడు షాట్ వేస్తే ఆ దాడికి మిగతా నలుగురి షాట్ లేనట్టే. ఇంకో సంగతి నిమిషాలది. 48 నిమిషాల ఆటలో ఐదు స్థానాలంటే మొత్తం 240 నిమిషాలు. ముగ్గురు స్టార్లు తలా 35 నిమిషాలు ఆడినా 105 అవుతాయి. మిగిలిన 135 నిమిషాలు, అంటే సగానికి పైగా ఆట, వేసవిలో ఎవరూ మాట్లాడని ఆటగాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

2023 వేసవిని మించిన ఉదాహరణ నాకు కనబడదు. అంతకు ముందు సీజన్‌లో పోర్ట్‌లాండ్‌కు ఆటకు 32.2 పాయింట్లు సాధించిన డేమియన్ లిల్లార్డ్‌ను మిల్వాకీ బక్స్ తెచ్చుకుంది. అక్కడి స్టార్ యానిస్ అంటెటోకౌంపో పక్కన లిల్లార్డ్ అనగానే తూర్పు విభాగం ఇక మిల్వాకీదేనన్న మాట గట్టిగా వినిపించింది. కానీ ఆ బేరంలో జ్రూ హాలిడే పోర్ట్‌లాండ్‌కు వెళ్లిపోయాడు. ఎదుటి జట్టులో బంతి నడిపించే ఆటగాడిని అడుగు కదలనివ్వకుండా కాపలా కాయడంలో లీగ్‌లోనే ముందు వరసలో ఉన్నవాడతను. కొన్ని రోజుల్లోనే పోర్ట్‌లాండ్ అతన్ని బోస్టన్ సెల్టిక్స్‌కు పంపింది. మిల్వాకీ ఒక స్టార్‌ను తెచ్చుకుంటూ, తన గోడలోని ఇటుకను తీసి పోటీదారు చేతిలో పెట్టినట్టయింది. లిల్లార్డ్ సగటు 24.3కు దిగింది. అతని నైపుణ్యం పోలేదు, బంతిని పంచుకోవలసి వచ్చింది. 30 విజయాలు, 13 ఓటములతో ఉన్న దశలోనే మిల్వాకీ కోచ్ అడ్రియన్ గ్రిఫిన్‌ను తొలగించింది, 49 విజయాలతో సీజన్ ముగించి, టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే వెనుదిరిగింది. బోస్టన్‌లో హాలిడే సగటు కూడా 19.3 నుంచి 12.5కు తగ్గింది. కానీ అక్కడ స్టార్లు టేటమ్, బ్రౌన్ పాయింట్లు చూసుకున్నారు, అతను కాపలా పని చేశాడు. ఆ జట్టు 64 మ్యాచ్‌లు గెలిచి 2024 టైటిల్ ఎగరేసుకుపోయింది. ఇద్దరి అంకెలూ పడిపోయాయి. ఒకరి జట్టుకు అది లోటు, మరొకరి జట్టుకు అదే బలం.

అదే వేసవిలో ఫీనిక్స్ సన్స్ డెవిన్ బుకర్, కెవిన్ డ్యురాంట్‌ల పక్కకు బ్రాడ్లీ బీల్‌ను తెచ్చింది. ముగ్గురూ షాట్లు వేయడంలో దిట్టలు. ఆ ముగ్గురి జీతాలే దాదాపు 13 కోట్ల డాలర్లు. జట్టు జీతాల పరిమితి, అంటే శాలరీ క్యాప్, ఆ ఏడు 13.6 కోట్లు. మిగిలిన ఆ 135 నిమిషాలకు చవగ్గా దొరికినవాళ్లే దిక్కయ్యారు. మొదటి ఏడు తొలి రౌండ్‌లో ఒక్క మ్యాచ్ గెలవకుండా ఇంటికి వెళ్లారు, రెండో ఏడు 36 విజయాలతో ప్లేఆఫ్స్‌కే చేరలేదు.

మరి పెద్ద పేర్లతోనే గెలిచినవాళ్లు లేరా అని అడిగితే ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. 2007లో కెవిన్ గార్నెట్, రే అలెన్ రాకతో బోస్టన్ 24 విజయాల నుంచి ఒక్కసారిగా 66కు ఎగిసి 2008 టైటిల్ గెలిచింది. అయితే గార్నెట్ తెచ్చిన ప్రధాన సంపద పాయింట్లు కాదు, రక్షణ. ఆ సీజన్ ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనిదే. 2010లో లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ చేరిన మయామి మొదటి 17 మ్యాచ్‌లలో 8 ఓడింది, ఫైనల్స్‌లో డల్లాస్ చేతిలో దెబ్బతింది. తరువాతి రెండేళ్లలో మొదట షేన్ బాటియర్, ఆ పైన రే అలెన్ వంటి తోడు దొరుకుతూ వచ్చాకే వరుసగా రెండు టైటిళ్లు వచ్చాయి. డ్యురాంట్ 2016లో గోల్డెన్ స్టేట్‌కు వెళ్లడం నా వాదనకు నిజంగా కష్టమైన ఉదాహరణ. ఆ జట్టు 2017 ప్లేఆఫ్స్‌లో 17 మ్యాచ్‌లకు 16 గెలిచింది. కానీ అప్పటికే 73 విజయాలు సాధించిన జట్టు వెన్నెముక, అంటే కర్రీ, థాంప్సన్, గ్రీన్, ఇగుడాలా, చెక్కుచెదరలేదు. కొత్త టీవీ ఒప్పందంతో శాలరీ క్యాప్ ఒక్క ఏడాదిలో 7 కోట్ల నుంచి 9.4 కోట్లకు ఎగబాకడం వల్లే అది సాధ్యమైంది. ఇప్పటి నిబంధన ప్రకారం క్యాప్ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. ఆ తలుపు మూసుకుపోయింది.

ఇంకో అభ్యంతరం గాయాల గురించి. మోకాలు మెలిపడితే ఏ అంచనా నిలుస్తుంది? మిల్వాకీ ఓడిన ఆ 2024 రౌండ్‌లో యానిస్ పిక్క గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, అది మరచిపోతే మిల్వాకీకి అన్యాయం చేసినట్టే. ఎవరికి గాయమవుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. అయితే ఒక్క గాయంతో ఎవరి ఇల్లు కూలుతుందో జూలైలోనే చూడవచ్చు. వయసు పైబడినవాళ్లెందరు, వాళ్ల వెనక ఎవరున్నారు అన్నవి కాగితం మీదే ఉంటాయి. 2012లో లేకర్స్ స్టీవ్ నాష్‌ను తెచ్చుకునేటప్పటికి అతనికి 38 ఏళ్లు. ఆ సీజన్ 45 విజయాలతోనే ముగిసింది.

అందుకే 2024 వేసవిలో ఓక్లహోమా సిటీ చేసిన పని ముఖ్యమనిపిస్తుంది. 57 విజయాల జట్టు అది, అయినా డల్లాస్ చేతిలో రెండో రౌండ్ ఓడింది. ఆ జట్టు సంచలనాల వెంట పడలేదు. జోష్ గిడ్డీని ఇచ్చి డిఫెండర్ అలెక్స్ కరూసోను, రీబౌండ్ల కోసం ఐజయా హార్టెన్‌స్టీన్‌ను తీసుకుంది. ఇద్దరూ పెద్దగా పాయింట్లు సాధించేవాళ్లు కారు. జట్టుకు ఏది లేదో అదే వాళ్ల దగ్గర ఉంది. 68 విజయాలు, 2025 టైటిల్ దక్కాయి.

2025 వేసవిలో అందరి నోటా నానింది డ్యురాంట్‌ను తెచ్చుకున్న హ్యూస్టన్ పేరు. 52 విజయాల ఆ జట్టు అతని కోసం జేలెన్ గ్రీన్, డిల్లన్ బ్రూక్స్‌లను వదులుకుంది. చిక్కుల్లో పడ్డ దాడికి డ్యురాంట్ వంటి షాట్ అవసరమే, అందువల్ల ఈ బేరం నా లెక్కలో మంచిదే. కానీ సెప్టెంబరులో, సీజన్ ఇంకా మొదలు కాకముందే, బంతిని నడిపించే ఫ్రెడ్ వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆటకు దాదాపు 35 నిమిషాలు అతనివి. హ్యూస్టన్‌ను ఏ స్థానంలో ఉంచాలో తేల్చుకునే ముందు నేను చూసింది డ్యురాంట్ పేరును కాదు, ఆ 35 నిమిషాలు ఎవరి చేతికి వెళ్తాయన్నది.