తగ్గిన బరువు తిరిగి వస్తే



మా హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి కొండ ఉంది. కొన్నేళ్ల క్రితం ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఆ కొండ ఎక్కేదాన్ని. మిగతా రోజుల్లో బడికి బయలుదేరే ముందు నలభై నిమిషాలు నడిచేదాన్ని. ఏడాదిలో 9 కిలోలు తగ్గాను. ఆ తర్వాత మా అమ్మ మంచాన పడింది. నడక ఆగిపోయింది. వేళకు తిండి లేదు, కంటికి నిద్ర లేదు. రెండేళ్లు తిరిగేసరికి పోయిన 9 కిలోలూ వచ్చాయి, మరో రెండింటిని తోడు తెచ్చుకున్నాయి.

బరువుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది సిగ్గు. "ఏం టీచరమ్మా, నడక మానేశారా?" అని అడుగుతారేమోనని, పాత స్నేహితురాళ్లు ఎదురైతే పక్క వీధిలోకి మళ్లేదాన్ని. అలా మరో ఏడాది గడిచింది. ఒకరోజు పరగడుపున చేయించిన రక్తపరీక్షలో చక్కెర 118 వచ్చింది. అది 100 లోపు ఉండాలి. 126కు చేరితే మధుమేహం కింద లెక్క. మా నాన్నగారు ఆ జబ్బుతోనే కాలివేళ్లు పోగొట్టుకున్నారు. కాగితం చేతిలో పట్టుకుంటే ఆయన పాదమే కళ్లముందు మెదిలింది. ఆ రోజు సిగ్గుకంటే భయం పెద్దదయింది.

మీలోనూ ఇలాంటివారు ఉండవచ్చు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

తగ్గిన బరువు తిరిగి రావడానికి కారణం మన బద్ధకం ఒక్కటే కాదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ఒంట్లో కావలసినంత కొవ్వు నిల్వ ఉందని మెదడుకు కబురు చేసేది అదే. కొవ్వు తగ్గితే ఆ కబురూ తగ్గుతుంది. మెదడు దాన్ని కరువు అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గి ఏడాది గడిచినా ఈ హార్మోన్ల మార్పు పూర్తిగా సర్దుకోలేదని తేలింది. కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానండి. అయితే బరువు తగ్గిన తర్వాత కూడా నడక మానకూడదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఇక రెండో మాట. ఆగినచోటి నుంచి మొదలుపెట్టవద్దు. మనసుకు పాత వేగం గుర్తుంటుంది. మోకాళ్లకు తెలిసింది కొత్త బరువే. నేను మొదటిరోజే కొండ మెట్లెక్కి, మోకాలు వాచి పదిరోజులు కుంటాను. అన్నప్రాసన నాడే ఆవకాయ అంటే అదే! మోకాలి నొప్పులున్న పెద్దవారి మీద అమెరికాలో జరిపిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. ఆ లెక్కన నా 11 కిలోలు మోకాలికి ఎంత భారమో మీరే గుణించుకోండి.

మరి ఎలా మొదలుపెట్టాలి? మొదటి రెండు వారాలు రోజుకు 10 నిమిషాలు చాలు. తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచండి. ఆరో వారానికి అరగంట అవుతుంది. వారానికి ఐదురోజులు నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన కనీస కొలత అదే. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. వారంలో రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆన్చి ముందుకు వంగి లేవడం వంటివి పదేసిసార్లు చేయండి. ఒకప్పుడు శ్రమకు అలవాటుపడ్డ కండరం కొత్తదానికంటే త్వరగా బలం పుంజుకుంటుంది. మీ పాత కష్టం వృథా పోలేదు.

గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, చక్కెరకు మందులు వాడేవారు ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి. నడకలో గుండెనొప్పి, తల తిరగడం కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి.

తిండి సంగతి. మనం సంగటి అంటాం, తమిళులు కళి అంటారు, కన్నడిగులు ముద్దె అంటారు. రాగులు తింటే బరువు తగ్గుతుందని ముగ్గురికీ నమ్మకమే! రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ. కానీ తూకానికి తూకం చూస్తే, బియ్యానికీ రాగికీ శక్తిలో పెద్ద తేడా లేదు. ఒక ముద్ద తినేచోట రెండు తింటే లాభం లేదు. ముద్ద తగ్గించి, ఆకుకూర పప్పు పెంచండి. సాయంత్రం టీతో తినే బజ్జీలను వారానికి ఒకరోజుకు పరిమితం చేయండి.

బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. దానితోపాటు నడుము చుట్టుకొలత కూడా రాసిపెట్టుకోండి. మన దేశంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకుండా ఉండడం మంచిది.

ఒకరోజు తప్పిందా? లండన్‌లో 96 మంది మీద జరిపిన పరిశీలనలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరితే, కొందరికి అంతకు ఎన్నో రెట్లు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదు. బడికి ఒకరోజు రాని పిల్లవాడి పేరు హాజరుపట్టీలోంచి కొట్టేస్తామా? మర్నాడు మళ్లీ పిలుస్తాం. మిమ్మల్ని మీరూ అలాగే పిలుచుకోండి.

నేను మళ్లీ మొదలుపెట్టి ఎనిమిది నెలలయింది. 5 కిలోలు తగ్గాను. పరగడుపు చక్కెర 104కు దిగింది. ఇంకా దూరముంది. నేను అంతగా తప్పించుకు తిరిగిన స్నేహితురాలు మొదటిరోజు ఎదురుపడి అన్నది ఒక్కటే మాట. "వచ్చారా టీచరమ్మా, పదండి." బరువు ఊసే ఎత్తలేదు.

మీ వీధిలోనూ అలాంటివారు ఒకరు ఉంటారు. రేపు ఉదయం చెప్పులు వేసుకుని పదే పది నిమిషాలు నడిచి చూడండి.