చుక్కాని లేని మరపడవ – దాని స్టీరింగు మార్పిడి

సముద్రము మన తుకుమునకు ఎంతో దూరము. అట్టిచోట వెలువడు పాఠశాల సంచికలో పడవను గూర్చిన వ్యాసమేమని తల్లిదండ్రులు కొందరు నవ్వుకొనవచ్చును. కాని చంద్రపురము ప్రక్కనే ఇరై నది పారుచున్నది. ఇరై ఆనకట్ట తలుపులెత్తినప్పుడు పల్లపు బస్తీలలోనికి నీరు చొచ్చుట 2022 జూలైలో మనమందరము చూచితిమి. ఆ నీరే వార్ధాలో కలిసి, వైన్‌గంగతో కూడి ప్రాణహితయై, కాళేశ్వరము వద్ద గోదావరిని చేరును. ఆ నెల 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు వచ్చెను. మన వాకిటి నీరే కొన్ని దినములకు మన చుట్టముల వాకిటికి పోవుచున్నదన్న మాట.

ఇట్టి సమయములందు మనలను ఒడ్డు చేర్చునవి మరపడవలు. అవి సంవత్సరములో అధికభాగము కొట్టములో పడియుండి, వరద వచ్చిననాడు హఠాత్తుగా నీటికి దిగును. వాడుకలో లేకపోవుటచే ముందుగా చెడునది ఇంజనని అందరు అనుకొందురు. చాలమార్లు ముందుగా బిగుసుకొనిపోవునది స్టీరింగు. అందుచేతనే ఈ విషయము నెన్నుకొంటిమి.

‘చుక్కాని లేని నావ దరి చేరదు గదా, ఈ పడవ కేదండీ చుక్కాని?’ అని మా విద్యార్థి యొకడు వరద పడవ బొమ్మను చూపి ప్రశ్నించెను. మంచి ప్రశ్న. దానికి నిజముగానే చుక్కాని లేదు. పడవ వెనుక పలకకు వెలుపల తగిలించిన ఈ యంత్రమును ఔట్‌బోర్డు మోటారందురు. నార్వేనుండి అమెరికాకు వలసపోయిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరమున వీనిని అమ్మకమునకు పెట్టి ప్రచారములోనికి తెచ్చెను. ఇందు పడవను త్రోయు పంకాయే పడవను త్రిప్పును కూడ. మోటారు మొత్తము ఎడమకో కుడికో తిరిగినచో పంకా త్రోపు ఆ దిక్కు మారును, పడవ మళ్లును. కనుక ఎదుట చెట్టు మొద్దు కనబడినదని భయపడి ఇంజనును ఒక్కసారిగా తగ్గించినచో, ఆ క్షణముననే మళ్లు శక్తియు చాలవరకు పోవును. ప్రయాణికులు ‘ఆపు, ఆపు’ అని సరంగును తొందరపెట్టుట యెంత కీడో దీనివలన తెలియగలదు.

చిన్న రబ్బరు పడవలలో సరంగు మోటారు పిడిని చేతబట్టి నేరుగా త్రిప్పును. అందు చెడుటకు విశేషమేమియు లేదు. పెద్ద పడవలలో ముందు కూర్చుండి చక్రము త్రిప్పుదురు. చక్రమునకు, వెనుకనున్న మోటారునకు మధ్య నున్న సంబంధము సాధారణముగా ఒకే ఒక కేబులు. సైకిలు బ్రేకు తీగను ఎరుగుదుము గదా, అది లాగుట మాత్రమే చేయును. ఈ కేబులు లాగవలెను, త్రోయవలెను కూడ. చక్రము క్రింది పెట్టెలోని పండ్లచక్రము కేబులు లోపలి తీగను ముందుకు వెనుకకు నడుపును. తీగ చివరనున్న ఉక్కు కడ్డీ, మోటారును పైకెత్తు ఇరుసుగా నున్న గొట్టములో జారుచు, ఒక చిన్న లంకె ద్వారా మోటారు చేతిని త్రోయును.

రోగమంతయు ఆ గొట్టములోనే. నీరు చేరును, పాత గ్రీజు గట్టిపడును, కడ్డీ త్రుప్పుపట్టును. కేబులు పైతొడుగు పగిలినచో లోపలి తీగకును అదే గతి. చక్రము బరువెక్కుట, త్రిప్పినను మోటారు ఆలస్యముగా కదలుట, తొడుగు ఉబ్బుట లేక చీలుట దీని గుర్తులు. కొందరు కిరసనాయిలు పోసి, బలవంతముగా త్రిప్పి, ‘వదులైనది’ అని సంతోషింతురు. ఇది మా దృష్టిలో మిక్కిలి అపాయకరమైన పని. తొడుగులోపల త్రుప్పుపట్టిన తీగకు కిరసనాయిలు బలము నీయలేదు. అది తెగుట ఎప్పుడన, ఎక్కువ బలము పెట్టినప్పుడు. ఎక్కువ బలము పెట్టునది నడివరదలోనే గదా!

అయితే మార్చుటకు ముందు దోష మెచ్చట నున్నదో తేల్చుకొనవలెను. మోటారు చేతినుండి లంకెను విప్పి, మోటారును చేతితో అటు నిటు త్రిప్పి చూడవలెను. సులువుగా తిరిగినచో తప్పు కేబులుదో, చక్రము పెట్టెదో యగును. మోటారే కదలనిచో అది తిరుగు నిలువు ఇరుసునకు గ్రీజు ఎక్కించి ముందు దానిని బాగుచేయవలెను. ఈ పరీక్ష చేయక క్రొత్త కేబులు వేసినవారు, డబ్బు వెచ్చించియు పాత కష్టమునే పడుదురు, క్రొత్త కేబులును త్వరలో చెడగొట్టుకొందురు.

కేబులు పొడవు సామాన్యముగా దాని తొడుగుపైననే ముద్రింపబడియుండును. ముద్ర చెరిగినచో తొడుగును ఈ కొసనుండి ఆ కొసకు అంగుళములలో కొలువవలెను. గుండ్రని పండ్లచక్రము గల పెట్టెయైనచో 18 అంగుళములు, పొడవాటి పండ్లకడ్డీ గలదైనచో 30 అంగుళములు కలిపి, వచ్చిన మొత్తమును పై అడుగునకు సరిచేయవలెను. కేబులు పొట్టియైనచో వంపులలో నలుగును, మరీ పొడవైనచో అనవసరపు మెలికలు పడును. ఏ వంపునకును 8 అంగుళములకంటె తక్కువ వ్యాసార్ధము ఉండరాదు. పాత పడవలలో కేబులును మాత్రమే మార్చి పెట్టెను మిగుల్చుట పొదుపుగా తోచును గాని, అరిగిన పండ్లు క్రొత్త తీగను సరిగా నడుపవు. రెండింటిని కలిపి మార్చుటయే మేలు. ఇంకను పాతవైన పడవలలో ఇనుపత్రాడు, కప్పీలు ఉండును. వానిని మరమ్మతు చేయక మొత్తము తీసివేయవలెను.

పాత కడ్డీ గొట్టములో పట్టుకొనినచో సుత్తితో బాదుటకు తొందరపడరాదు. త్రుప్పును వదలించు నూనె పోసి ఒకటి రెండు దినములు ఓపికపట్టవలెను. బయటికి వచ్చిన పిమ్మట గొట్టములోపల తీగ బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, నీటికి కరగని గ్రీజు పలుచగా పూసి క్రొత్త కడ్డీని దూర్చవలెను. తరువాతి కాలములో గ్రీజు ఎక్కించునప్పుడొక మెలకువ ఉన్నది. కడ్డీని పూర్తిగా గొట్టములోనికి లాగుకొనిన పిమ్మటనే ఎక్కించవలెను. కడ్డీ బయటికి చాచియుండగా గ్రీజు నింపినచో, అది లోపల అడ్డుపడి స్టీరింగు బిగుసుకొనిపోవచ్చును. మేలు చేయబోయి కీడు చేసినట్లగును.

లంకెకు వేయు నట్లు తమంత తాము ఊడని జాతివై యుండవలెను. ఒకసారి విప్పిన నైలాను నట్టును మరల వాడక క్రొత్తది వేయవలెను. నాలుగు రూపాయల నట్టు ఊడిన మీదట వేల రూపాయల స్టీరింగు ఉన్నను లేనట్లే.

పెద్ద మోటార్లకు కేబులు బదులు నూనె ఒత్తిడితో నడచు హైడ్రాలిక్ స్టీరింగు కలదు. చేతికి తేలిక. దానిలో గాలి బుడగలు మిగులకుండ చూచుట ముఖ్యము. చిన్న పాత పడవకు అంత అవసరము లేదని మా అభిప్రాయము.

అంతయు బిగించిన పిదప, పడవ ఒడ్డుననే యుండగా చక్రమును ఆ కొసనుండి ఈ కొసకు త్రిప్పవలెను. మోటారును దించియు, ఎత్తియు త్రిప్పి, పెట్రోలు గొట్టము ఎచ్చటను చిక్కుకొనకుండుట చూడవలెను. చక్రము కుడికి త్రిప్పిన పడవ కుడికే మళ్లునా అని కూడ చూడవలెను. నవ్వులాట కాదు, కేబులును పెట్టెలో తారుమారుగా అమర్చినచో ఎడమకే మళ్లును! పిమ్మట నిశ్చలమైన నీటిలో మెల్లగా నడిపి చూచి, అటుపైననే మనుష్యుల నెక్కించవలెను.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారపు పడవ మునిగి ఏబదిమంది వరకు మరణించిన నాటినుండి, పాపికొండల యాత్రయన్న తల్లులు జంకుచున్నారు. ఆ విషాదమును స్టీరింగునకు ముడిపెట్టుట మా ఉద్దేశము కాదు. పిల్లలను పడవ ఎక్కించునప్పుడు ప్రాణరక్షక కవచములు అడుగుచున్నాము, మంచిదే. పడవ కట్టియుండగా చక్రము నొకసారి పూర్తిగా త్రిప్పి చూపుమని కూడ సరంగు నడుగవచ్చును. మోటారు వెంటనే, తడబాటు లేక తిరుగుచున్నదో లేదో ఎవరికైనను కనబడును. అడిగినందుకు కోపగించుకొను సరంగు పడవ ఎక్కకుండుటయే మంచిది.

మన తల్లిదండ్రులలో గనుల వర్కుషాపులలో పనిచేయువారు, మోటారు మెకానిక్కులు ఉన్నారు. వారి చేతికి ఎప్పుడైన తీసివేసిన పాత స్టీరింగు కేబులు దొరికినచో, పాతసామాను అంగడికి పంపక మా పాఠశాల విజ్ఞానశాలకు ఇప్పింప ప్రార్థన. దానిని నిలువుగా కోసి, లోపల త్రుప్పు ఎంతవరకు పాకినదో పై తరగతుల పిల్లలకు చూపదలచినాము.