నీటి లెక్క తప్పితే.. మూత్రపిండాలకు ముప్పు

బాన్సువాడ: నిజాంసాగర్ ఆయకట్టులో యాసంగి వరి కోతలు ఎండలు ముదిరే వేళే సాగుతాయి. కల్లాల్లో వడ్లు ఆరబోసే రైతులు, బస్తాలు మోసే హమాలీల శరీరం నుంచి చెమట రూపంలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. ఈ లోటును తట్టుకొని రక్తంలో నీరు, లవణాల పాళ్లను నిలకడగా ఉంచే భారం మూత్రపిండాలదే.

రోజుకు 180 లీటర్ల వడపోత

పిడికిలంత ఉండే ఒక్కో మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సూక్ష్మ నాళాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. ఇవన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో 99 శాతం తిరిగి రక్తంలోకే చేరుతుంది. ఒకటి, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది. జలాశయంలో నీటిమట్టాన్ని బట్టి తూములు ఎత్తి దించినట్లే, అవసరాన్ని బట్టి ఈ నాళాలు నీటిని నిలుపుతాయి లేదా వదులుతాయి.

హార్మోన్లదే ఆజ్ఞ

ఒంట్లో నీరు తగ్గి రక్తంలో లవణాల గాఢత పెరిగితే మెదడు వెంటనే గుర్తించి దాహం పుట్టిస్తుంది. పీయూష గ్రంథి నుంచి ఏడీహెచ్ అనే హార్మోను విడుదలై, నీటిని వెనక్కి తీసుకోవాలని మూత్రపిండాలను ఆదేశిస్తుంది. మూత్రం తగ్గి ముదురు పసుపు రంగుకు మారడానికి కారణమిదే. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టిరాన్ సోడియంను నిలిపి, పొటాషియంను బయటికి పంపిస్తుంది. లీటరుకు సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. సోడియం బాగా తగ్గితే మగత, మూర్ఛ రావచ్చు. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

నొప్పి మాత్రలతో జాగ్రత్త

మూత్రపిండాలు నీటిని పొదుపు చేయగలవే తప్ప సృష్టించలేవు. ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు వాటికి రక్త ప్రసరణ తగ్గుతుంది. ఆ స్థితిలో ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు వేసుకుంటే ప్రసరణ మరింత తగ్గి, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదముంది.

ఏం చేయాలి?

* దాహం వేసేదాకా ఆగకుండా తరచూ నీరు తాగాలి.

* చెమట అధికంగా పట్టినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి లేదా ఓఆర్‌ఎస్ తీసుకోవాలి. ప్యాకెట్ అందుబాటులో లేకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలకొట్టి కొలవాలి.

* రక్తపోటు, గుండె, మూత్రపిండ వ్యాధులున్నవారు ఉప్పు, నీటి మోతాదుపై వైద్యుల సలహా పాటించాలి.

* మూత్రం ఆగిపోయినా, మగత కమ్మినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.