కళ్లనూ మెడనూ కలిపి తిప్పే మధ్యమెదడు

చప్పుడు వినబడగానే తల అటు తిరగడం మధ్యమెదడు నడిపించే పని. జనగామ చౌరస్తాలో హైదరాబాద్–వరంగల్ రోడ్డు దాటుతున్న మనిషికి కుడిపక్క నుంచి హారన్ వినిపిస్తే, వచ్చేది లారీయో బస్సో తెలియకముందే కళ్లు అటు మళ్లుతాయి, వాటి వెంటే మెడ తిరుగుతుంది. ఏమిటన్నది తర్వాతి సంగతి, ముందు ఎటన్నది తేలాలి. అది తేల్చే భాగం మధ్యమెదడు పైకప్పు మీద చిన్న బొడిపెల జంటగా ఉంటుంది. పేరు సుపీరియర్ కాలిక్యులస్. చేపలు, కప్పలు, బల్లులు, పక్షుల్లో దీనికి సాటి అయినది ఆప్టిక్ టెక్టమ్. ట్యూబులైటు దగ్గర పురుగు మీదికి బల్లి గురి చూసేది దీని బలంతోనే.

కాలిక్యులస్‌లో పొరలుంటాయి. పై పొరలకు రెటీనా నుంచి నేరుగా నాడీ తంతువులు వస్తాయి. లోపలి పొరల్లో చూపుకు వినికిడి, స్పర్శ కూడా తోడవుతాయి. ఈ పొరలన్నిటిలోనూ బయటి ప్రపంచం పటంలా పరుచుకుని ఉంటుంది. ఎడమ కాలిక్యులస్‌లో కుడివైపు, కుడిదానిలో ఎడమవైపు. 1972లో డేవిడ్ రాబిన్సన్ కోతుల కాలిక్యులస్‌లో సన్నని ఎలక్ట్రోడు దించి కొద్దిపాటి కరెంటు ఇచ్చాడు. ఎక్కడ తాకితే అక్కడికి తగిన దిక్కులో, తగినంత దూరం కళ్లు దూకాయి. ముందుభాగంలో తాకితే చిన్న కదలిక, వెనకకు జరిగేకొద్దీ పెద్దది.

పటం ఎంత మొండిదో రోజర్ స్పెర్రీ 1940లలోనే కప్పల్లో చూపించాడు. కంటి నరం కోసి, కంటిని తలకిందులుగా తిప్పి పెట్టాడు. నరం మళ్లీ పెరిగి టెక్టమ్‌లో తన పాత చోట్లకే చేరింది. ఆ తర్వాత ఈగ పైన ఉంటే కప్ప కిందికి దూకేది. ఎన్నాళ్లయినా దిద్దుకోలేదు.

ఇక కండరాల దాకా సాగే దారి. లోపలి పొరల్లోని పెద్ద నాడీకణాల తంతువులు మధ్యమెదడులోనే అవతలి పక్కకు దాటి, ఒక కట్టగా కిందికి దిగుతాయి. దిగుతూ కొమ్మలు వేస్తాయి. మధ్యమెదడు కింద ఉండే పాన్స్‌లోని ఒక కేంద్రానికి చేరిన కొమ్మలు కళ్లను పక్కలకు కదిలిస్తాయి. పైకి, కిందికి చూపు మళ్లించే కేంద్రం మధ్యమెదడులోనే వేరుగా ఉంది. మరికొన్ని కొమ్మలు పాన్స్‌లోనూ, దాని కిందనున్న మెడుల్లాలోనూ వలలా అల్లుకున్న రెటిక్యులర్ కణాలకు చేరతాయి. అక్కడి నుంచి వెన్నుపాములోని మెడ కండరాల కణాలకు ఆజ్ఞ వెళుతుంది. ఒకే తంతువు కంటి కేంద్రానికీ మెడ కేంద్రానికీ కొమ్మలు పంచుతుందని 1980లలో పిల్లులపై జరిగిన పరిశోధనల్లో తేలింది. కళ్లూ మెడా జోడుగా కదలడానికి ఇదొక కారణం. కాలిక్యులస్ నుంచి నేరుగా వెన్నుపాముకు దిగే దారిని పాఠ్యపుస్తకాలు లావుగా గీస్తాయి గానీ, కోతుల్లో, మనుషుల్లో అది సన్నదే. ఎక్కువ పని రెటిక్యులర్ కణాల ద్వారానే జరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. పటం చెప్పేది చోటు. కండరానికి కావలసింది ఎంత బలంతో, ఎంతసేపు లాగాలన్న లెక్క. పాన్స్‌లోని కణాలు ఈ మార్పిడిలో ముఖ్యపాత్ర వహిస్తాయి. కంటి కదలిక పెద్దదైతే అవి ఎక్కువసేపు వేగంగా స్పందిస్తాయి. తేలికైన కళ్లు ముందు చేరతాయి, బరువైన తల వెనక వస్తుంది. తల ఇంకా తిరుగుతుండగానే లోపలి చెవి నుంచి వచ్చే సంకేతాలు కళ్లను అంతమేరకు వెనక్కి తిప్పి, చూపును గురి మీదే నిలుపుతాయి.

కనబడ్డ ప్రతిదానికీ తల తిప్పితే బతకడం కష్టం. అందుకే బ్రేకులున్నాయి. మధ్యమెదడులోనే ఉన్న సబ్‌స్టాన్షియా నైగ్రాలోని కణాలు కాలిక్యులస్‌ను ఎప్పుడూ అణచిపెట్టి ఉంచుతాయి. కళ్లు కదలవలసిన క్షణాన ఆ అణచివేత ఆగుతుంది. దీన్ని 1983లో హికోసాకా, వుర్ట్జ్ కోతుల్లో చూపించారు. ఈ బ్రేకును నడిపే, మెదడు లోతులోని బేసల్ గాంగ్లియా కంటి కదలికల్లో ఏం చేస్తుందో కంప్యూటర్ నమూనాలతో పరిశీలించినవారిలో ఐఐటీ మద్రాసుకు చెందిన వి. శ్రీనివాస చక్రవర్తి బృందం ఉంది.

కాలిక్యులస్ నుంచి అవతలికి దాటకుండా అదే పక్కన దిగే దారి కూడా ఉంది. ఎలుకల్లో దాటే దారి ప్రధానంగా వస్తువు వైపు తిప్పితే, దాటని దారి దాని నుంచి తప్పించుకునేలా చేస్తుంది.

ఈ దారులు దెబ్బతింటే లక్షణాలు బయటపడతాయి. పీనియల్ గ్రంథిలో గడ్డ పెరిగి మధ్యమెదడు పైకప్పును నొక్కితే రోగి పైకి చూడలేడు. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ వివరించిన ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే జబ్బులో పైకి, కిందికి చూపు మందగిస్తుంది. కిందికి చూడలేక కంచంలో అన్నం, మెట్ల అంచు కనబడక తడబడతారు. అయినా డాక్టరు రోగి తలను చేత్తో పైకీ కిందికీ వంచితే కళ్లు ఎదురు దిక్కుకు చక్కగా తిరుగుతాయి. కండరాలూ వాటి నరాలూ బాగానే ఉన్నాయని, తెగింది వాటికి ఆజ్ఞ అందించే పై లంకె అని అలా తేలుతుంది.