జంట డిస్కుల మధ్య పఠనభారం పంపకం: లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ తీరు

వ్యాససంగ్రహం:
తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు, సిద్ధాంత గ్రంథాలు నేడు ఎక్కువగా డిస్కులలో నిలువ ఉంటున్నాయి. ఒకే సమాచారాన్ని రెండు డిస్కులలో ఉంచే రెయిడ్-1 పద్ధతిలో, చదివేటప్పుడు ఏ డిస్కును అడగాలో లినక్స్ ఎలా నిర్ణయిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ నిర్ణయం వేగానికి సంబంధించినదే గాని, ప్రతుల శుద్ధికి పూచీ కాదని చూపడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: రెయిడ్, లినక్స్, జంట డిస్కులు, పఠనభారం, తాళపత్రాలు, పాఠశుద్ధి.

1. ఉపోద్ఘాతం:
మా శాఖలో తాళపత్రాల ఛాయాచిత్రాలను ఒక చిన్న సర్వరులో భద్రపరిచాం. అందులో రెండు డిస్కులు. రెండింటిలోనూ అదే సమాచారం. ఒకనాడు మొత్తం సంచయానికి నకలు తీస్తుండగా, ఒక డిస్కు దీపం మాత్రమే ఎడతెగక మిణుకుతూ, రెండవది దాదాపు నిశ్చలంగా ఉండడం గమనించాం. రెండవది చెడిపోయిందని తీర్మానించి, కొత్త డిస్కు కోసం ఉత్తరం కూడా సిద్ధం చేశాం. కాని అది నిశ్చలంగా ఉండడానికి కారణం చెడిపోవడం కాదు. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అంతే.

రెయిడ్ అనే పేరును 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ తమ పరిశోధన పత్రం ద్వారా వ్యాప్తిలోకి తెచ్చారు. జంట డిస్కుల పద్ధతి అంతకు ముందే ఉంది; వారి వర్గీకరణలో అది మొదటి స్థాయి. ప్రత్యేకమైన కార్డు లేకుండా ఆపరేటింగ్ సిస్టమే ఈ పని చేస్తే అది సాఫ్ట్‌వేర్ రెయిడ్. లినక్స్‌లో ఈ బాధ్యత వహించే భాగం పేరు ఎమ్‌డి.

2. ఏ ప్రతిని అడగాలి?
రాసేటప్పుడు ఎంపిక లేదు. రెండు డిస్కులలోనూ రాయాలి. చదివేటప్పుడు ఏ ఒక్కటైనా చాలు. కాబట్టి ప్రతి అభ్యర్థనకూ ఎమ్‌డి ఒక నిర్ణయం తీసుకోవాలి.

మొదట అది చూసేది వరుస. కొత్త అభ్యర్థన ఏదైనా డిస్కులో కిందటి పఠనం ఆగిన చోటనే మొదలవుతుంటే, సాధారణంగా ఆ డిస్కుకే అప్పగిస్తుంది. వరుస లేనప్పుడు పనిలేని డిస్కు కోసం చూస్తుంది. రెండూ ఖాళీగా ఉంటే సాధారణంగా క్రమసంఖ్యలో ముందున్నదానికే పని దక్కుతుంది. రెండూ పనిలో ఉంటే, తిరిగే డిస్కులైతే పఠనశీర్షం దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. శీర్షం నిజంగా ఎక్కడుందో ఎమ్‌డికి తెలియదు. చివరి అభ్యర్థన ముగిసిన చోటునే శీర్షస్థానంగా ఊహిస్తుంది. ఎస్ఎస్‌డిలో శీర్షమే లేదు కనుక, అది ఉన్న జంటలో దూరానికి బదులు ఎదురుచూస్తున్న అభ్యర్థనల సంఖ్యను లెక్కిస్తుంది.

ఒక్కరే ఒక పెద్ద ఫైలును చదివితే వేగం రెట్టింపు కాకపోవడానికి కారణం ఇదే. ముక్క విడిచి ముక్కగా రెండు డిస్కులకూ పంచితే సరిపోదా అనే సందేహం సహజం; నాకూ కలిగింది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ఒక ముక్కను వదిలేయమన్నా, ఆ ముక్క శీర్షం కింది నుంచి దాటిపోయేదాకా డిస్కు వేచి ఉండవలసిందే. చదివినా చదవకున్నా గడిచే కాలం ఒకటే. పుట విడిచి పుట చదివేవాడు పుటలన్నీ తిప్పక తప్పదు కదా! అందువల్ల ఈ జంట వల్ల లాభం ఒకే పాఠకుడికి కాదు, ఒకే సమయంలో వేర్వేరు చోట్ల చదివే పలువురికి.

వరుస పఠనమే ముఖ్యమైన చోట రెయిడ్-10లోని 'ఫార్' అమరిక మేలు. అందులో మొదటి ప్రతి ముక్కలు రెండు డిస్కుల ముందు భాగాలలో పంచి ఉంటాయి, రెండవ ప్రతి దూరభాగంలో ఉంటుంది. చదవడం వేగవంతమవుతుంది, రాసేటప్పుడు శీర్షం అటూ ఇటూ పరుగెత్తవలసి వస్తుంది. ఒక డిస్కు బాగా నెమ్మదైనదైతే 'రైట్-మోస్ట్‌లీ' అనే గుర్తు పెట్టవచ్చు. వేరే గతి లేనప్పుడు తప్ప దాన్ని చదవమని అడగరు.

3. పంపకం, పాఠశుద్ధి:
గ్రంథ పరిష్కర్త రెండు ప్రతులను ఎదురెదురుగా పెట్టి పాఠాంతరాలు చూస్తాడు. ఎమ్‌డి చదివేటప్పుడు ఆ పని చేయదు. ఒక్క ప్రతిని అడిగి, వచ్చిన జవాబును నమ్ముతుంది. డిస్కు చదవలేనని చెబితే మాత్రం రెండవ ప్రతి నుంచి తెచ్చి, లోపించిన చోట తిరిగి రాస్తుంది. హఠాత్తుగా కరెంటు పోయిన తరువాత ప్రతులు వేరుపడి ఉండవచ్చు. అందుకే పునఃసమీకరణ ఇంకా చేరని భాగాన్ని అడిగితే పంపకం మానివేసి, ఒకే డిస్కు నుంచి జవాబిస్తుంది. లేకుంటే ఒకే పుటను రెండుసార్లు అడిగినవారికి రెండు పాఠాలు దొరకవచ్చు.

దీనివల్ల ఒక ప్రమాదం ఉంది. అడగని ప్రతిలో సెక్టారు పాడైనా ఎవరికీ తెలియదు. మొదటి డిస్కు పోయిన రోజున గాని బయటపడదు. దీనికి విరుగుడు 'చెక్' అనే ఆదేశం. అది రెండు ప్రతులనూ ఆసాంతం చదివి పోలుస్తుంది. డెబియన్‌లో నెలలో మొదటి ఆదివారం దాన్ని నడిపే ఏర్పాటు ఉంది. పోల్చినా, ప్రతులు భేదిస్తే ఏది సరైన పాఠమో ఎమ్‌డి చెప్పలేదు. 'రిపేర్' ఆదేశం ఒక ప్రతిని ప్రమాణంగా తీసుకొని రెండవదాన్ని దిద్దుతుంది, అంతే. విలువైన ఛాయాచిత్రాలకు విడిగా చెక్‌సమ్‌లు, వేరొక చోట మరొక నకలు ఉండాలని నేననడం అందుకే.

మా సర్వరులో ఆ ఏర్పాటు ఆపివేసి ఉంది. ఉత్తరం పక్కన పెట్టి 'చెక్' నడిపించాం. ఎవరూ అడగని ఆ రెండవ డిస్కులో చదవరాని సెక్టార్లు కొన్ని బయటపడ్డాయి. మొదటి ప్రతి నుంచి వ్యవస్థే వాటిని తిరిగి రాసింది. కొత్త డిస్కు కోసం రాసిన ఉత్తరాన్ని, కారణం మార్చి, మరునాడు పంపాం.