సబ్‌వూఫర్ తీగ: ఎంపిక, అమరిక

1. ప్రస్తావన

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్ళినవారికి ప్రభల సంగతి చెప్పనక్కరలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి త్రికోటేశ్వరస్వామి సన్నిధికి తరలివచ్చే ఈ ప్రభలలో కొన్ని 80, 90 అడుగుల ఎత్తు కూడా ఉంటాయి. విద్యుద్దీపాల ప్రభ వెంట జనరేటరు ఉంటుంది, పాటలకు పెద్ద పెద్ద బాక్సులూ ఉంటాయి. దీపాలకు కరెంటు తీసుకువెళ్ళే తీగలూ, పాటను మోసే సన్నని తీగలూ ఒకే చట్రం మీద దగ్గరదగ్గరగా సాగవలసి వస్తుంది. పాట ఆగినప్పుడు బాక్సులోంచి వినిపించే ‘గుంయ్’ అనే రొదకు ఒక ముఖ్య కారణం ఈ పొరుగుతనమే.

మీ ఇంటి హాల్లో హోం థియేటర్ అమర్చుకున్నప్పుడు ఎదురయ్యే సమస్య కూడా, చిన్న ఎత్తున, ఇదే. ఈ భాగంలో సబ్‌వూఫర్‌కు ఏ తీగ కావాలి, దాన్ని ఎలా నడిపించాలి, రొద వస్తే కారణం ఎలా పట్టుకోవాలి అనే విషయాలు తెలుసుకుంటారు. ఇంతకు ముందు భాగంలో చదివిన ఓమ్ నియమం ఇక్కడ అక్కరకు వస్తుంది.

2. ముందుగా పెట్టె వెనక చూడండి

సబ్‌వూఫర్ పని లోతైన ధ్వనులను పలికించడం. 5.1 అనే పేరులోని ఆ ‘.1’ ఇదే. ఈ ప్రత్యేక ఛానెల్‌లో సుమారు 120 హెర్ట్జ్ దాకా ఉండే ధ్వనులే ఉంటాయి. అయితే అన్ని సబ్‌వూఫర్లకూ ఒకే తీగ పనికిరాదు. పెట్టె వెనక కరెంటు ప్లగ్గు ఉంటే ఆంప్లిఫయర్ దాని లోపలే ఉన్నట్టు. దాన్ని యాక్టివ్ సబ్‌వూఫర్ అంటారు. ప్లగ్గు లేకుండా ఎరుపు, నలుపు తీగల బిగింపు మాత్రమే ఉంటే అది పాసివ్ రకం. దాని ఆంప్లిఫయర్ వేరే పెట్టెలో ఉంటుంది.

యాక్టివ్ రకానికి రిసీవర్ నుంచి వచ్చేది చిన్న సంకేతం మాత్రమే. అది సుమారు ఒక వోల్టు అనుకుందాం. సబ్‌వూఫర్ ఇన్‌పుట్ నిరోధం 10,000 ఓమ్‌లు అయితే తీగలో ప్రవహించేది ఆంపియర్‌లో పదివేలవ వంతు. ఇంత తక్కువ విద్యుత్తుకు లావు తీగ ఎందుకు? ఇక్కడ చూడవలసింది లావు కాదు, కవచం. మధ్య తీగ చుట్టూ రాగి అల్లిక లేదా రేకు చుట్టిన ఆర్‌సిఎ కేబుల్ కావాలి. కేబుల్ టీవీకి వాడే ఆర్‌జి-6 రకం తీగ కూడా, రెండు చివర్లా ఆర్‌సిఎ పిన్నులు బిగిస్తే, ఈ పనికి చక్కగా సరిపోతుంది. దాని మధ్య తీగ చాలాసార్లు రాగి పూసిన ఉక్కు. నిరోధం కొంచెం ఎక్కువైనా ఇక్కడ లెక్కలోకి రాదు. ఒక్కటే ఇబ్బంది, అది బిర్రుగా ఉంటుంది. సాకెట్టు మీద బరువు పడకుండా గోడకు క్లిప్పు వేయండి.

పొడవు పెరిగితే ధ్వని మందగిస్తుందని దుకాణంలో చెబుతారు. కేబుల్‌కు ఉండే కెపాసిటెన్స్ వల్ల పై పౌనఃపున్యాలు తగ్గే మాట నిజమే. కానీ మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 10 మీటర్ల తీగ, 1,000 ఓమ్‌ల సంకేత మూలంతో కలిసినా, ఆ తగ్గుదల మొదలయ్యేది లక్షన్నర హెర్ట్జ్ దగ్గర. 120 హెర్ట్జ్‌తో పని ఉన్నవారు దాని గురించి దిగులుపడనక్కరలేదు. వెండి పూత, బాణం గుర్తు ఉన్న ఖరీదైన తీగలు ఈ కారణం చేతనే అనవసరం అని మా అభిప్రాయం.

3. పాసివ్ రకం: ఇక్కడ లావు ముఖ్యం

ఈ తీగలో నడిచేది సంకేతం కాదు, శక్తి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 100 వాట్లు ఇవ్వాలంటే 5 ఆంపియర్ల విద్యుత్తు కావాలి.

సాధించిన లెక్క: ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.0172 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఆంప్లిఫయర్‌కూ సబ్‌వూఫర్‌కూ మధ్య దూరం 10 మీటర్లు. విద్యుత్తు వెళ్ళాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ 20 మీటర్లు. మొత్తం నిరోధం 0.344 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ వోల్టేజి మారదనుకుంటే స్పీకర్‌కు చేరే శక్తి, తీగే లేనప్పటితో పోలిస్తే, 4/4.344 వర్గం, అంటే దాదాపు 85 శాతం. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే 93 శాతం చేరుతుంది.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఆ 20 మీటర్లకు బదులు 10 వేసుకోవడం. ఎరుపును ఎరుపుకే, నలుపును నలుపుకే కలపాలన్నది కూడా మరవకండి. తారుమారైతే మిగతా స్పీకర్లు గాలిని ముందుకు నెట్టే క్షణంలో ఇది వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి పలికే పౌనఃపున్యాల దగ్గర బాస్ పలచబడుతుంది.

4. గుంయ్‌మనే రొద

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది. చిన్న స్పీకర్లు 50 హెర్ట్జ్‌ను సరిగా పలికించలేవు. సబ్‌వూఫర్ పుట్టిందే దాన్ని పలికించడానికి. అందుకే రొద ముందుగా అక్కడే బయటపడుతుంది.

చాలా ఇళ్ళలో అసలు కారణం ఎర్త్ లూప్. రిసీవర్ ఒక గోడ సాకెట్టులో, సబ్‌వూఫర్ ఎదుటి గోడ సాకెట్టులో ఉన్నాయనుకోండి. రెండింటికీ ఎర్త్ ఉంది. వాటి మధ్య సంకేత కేబుల్ కవచం ఇంకొక దారి. ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా కవచంలో విద్యుత్తు తిరుగుతుంది. ఆర్‌సిఎ కేబుల్‌లో కవచమే సంకేతం తిరుగు దారి కూడా కాబట్టి, ఆ తేడా సంకేతంలో కలిసిపోతుంది.

పట్టుకునే పద్ధతి ఇది. అన్నీ ఆపి, సబ్‌వూఫర్ నుంచి సంకేత కేబుల్ తీసి, మళ్ళీ వేయండి. రొద పోతే సబ్‌వూఫర్ మంచిదే. కేబుల్ తిరిగి పెట్టి, ఈసారి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే డిష్ తీగ తీసి చూడండి. మిద్దె మీది డిష్ నుంచి వచ్చే ఆ తీగ ద్వారా మరో ఎర్త్ ఇంట్లోకి వస్తూ ఉండవచ్చు. కాకపోతే రిసీవర్‌నూ సబ్‌వూఫర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి. చాలాసార్లు ఇంతటితో పోతుంది. అప్పటికీ పోకపోతే సంకేత దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు, కానీ మరీ చిన్నవి లోతైన బాస్‌ను కూడా మింగేస్తాయి.

హెచ్చరిక: మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను విరిచేస్తే రొద పోతుందని కొందరు సలహా ఇస్తారు. నిజంగానే పోతుంది. దానితో పాటు మీ రక్షణ కూడా పోతుంది. లోపల ఇన్సులేషన్ చెడి ఫేజ్ తీగ లోహపు పెట్టెకు తగిలినప్పుడు ఫ్యూజు పోయేలా చేసేది ఆ పిన్నే. అది లేకపోతే పెట్టె 230 వోల్టుల మీద నిశ్శబ్దంగా ఉంటుంది. తడి గుడ్డతో తుడిచే మనిషి చెయ్యి తగిలేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఏ పరిస్థితిలోనూ ఎర్త్ పిన్ను తీయకూడదు.

ప్రభ మీదా, పెద్ద సభల్లోనూ అంత దూరం సంకేతం పంపడానికి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ అనుకూలం. అందులో సంకేతం రెండు తీగల్లో వ్యతిరేక దిశల్లో నడుస్తుంది. దారిలో సోకిన రొద రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. చివర ఆ రెంటి భేదాన్ని తీసుకుంటే రొద కొట్టుకుపోయి పాట మిగులుతుంది. మీ రెండు పరికరాలకూ ఈ సాకెట్టు ఉంటే ఇంట్లో కూడా దాన్నే వాడండి.

5. తీగ నడిపించడం

సంకేత కేబుల్‌ను కరెంటు తీగల పైపులో ఎప్పుడూ వేయకండి. రొద ఒక కారణం, ప్రమాదం రెండోది. విడిగా పైపు వేసి, రెంటి మధ్య ఒక అడుగు ఎడం ఉంచండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. సమాంతరంగా సాగిన ప్రతి మీటరూ రొదను పెంచుతుంది.

ఇల్లు కడుతున్నప్పుడే అయితే 25 మిల్లీమీటర్ల పైపు గోడలో పెట్టించి, లోపల ఒక లాగుడు తీగ వదలండి. చిన్న పైపులో ఆర్‌సిఎ పిన్ను దూరదు. కట్టిన ఇంట్లో, ముఖ్యంగా పల్నాడులో మాదిరి నాపరాయి బండలు పరిచిన నేలను తవ్వడం కంటే, గోడ అంచు వెంట కేసింగు పట్టీ వేయడం తేలిక. గుమ్మం దగ్గర తలుపు కింద నలిగేలా వేయకుండా, చుట్టూ పైనుంచి తిప్పండి. పొడవు కొలిచేటప్పుడు గాలిలో కాకుండా తీగ నిజంగా వెళ్ళే దారిలో తాడు పరిచి కొలవండి. పైన ఒక మీటరు కలుపుకోండి, ఎందుకంటే సబ్‌వూఫర్ మొదట పెట్టిన మూలలోనే ఉండిపోవడం అరుదు. బాస్ బాగా వినిపించే చోటు దొరికేదాకా దాన్ని జరుపుతూనే ఉంటారు.